పాణీపట్టి, దివాబత్తి, సఫాయి కరం: మహారాష్ట్ర సరిహద్దు పల్లెల్లో పన్ను రేటు మార్పించుకొనే దారి

గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలోని అంకీసా, ఆసరల్లి మొదలుకొని నాందేడ్ జిల్లా ధర్మాబాద్, దెగ్లూరు, బిలోలి చుట్టుపక్కల దాకా, తెలుగు ఇంటి భాషగా ఉన్న పల్లెల్లో ఏటా మార్చి నెలలో ఒకే రకమైన గొడవ చూస్తున్నాను. గ్రామపంచాయతీ మనిషి పావతి (రసీదు) పుస్తకం పట్టుకొని వాకిట్లోకి వచ్చి, ఘర్‌పట్టి ఇంత, పాణీపట్టి (నీటి పన్ను) ఇంత, దివాబత్తి (వీధి దీపాల పన్ను), ఆరోగ్య కరం కలిపి ఇంకొంత అని మొత్తం చెబుతాడు. నిరుటి కంటే ఎందుకు పెరిగిందని ఇంటివాళ్ళు అడిగితే "ఠరావు అయింది" (తీర్మానం అయింది) అని ఒక్క మాట అంటాడు. ఆ ఠరావు ఏ తేదీన అయిందో, దానికి ముందు అభ్యంతరం చెప్పడానికి ఎన్ని రోజుల గడువు ఇచ్చారో ఆ వీధిలో ఎవరికీ తెలియదు. కొందరు కోపంతో కట్టడం మానేస్తారు, కొందరు అప్పు చేసి కడతారు, రేటు మాత్రం అలాగే ఉంటుంది.

రేటు ఠరావులో పుడుతుంది కాబట్టి దాన్ని మార్చేది కూడా మరొక ఠరావే. ఠరావు కాకముందు రాసి ఇచ్చిన అర పేజీ కాగితానికి ఉండే బలం, బిల్లు వచ్చాక వాకిట్లో చేసే గంటసేపు వాదనకు ఉండదు. ఆ కాగితం ఎప్పుడు, ఎవరికి, ఏ లెక్కతో రాయాలో ఇక్కడ చెబుతున్నాను. రేటు తగ్గించాలని కోరేవారికీ, సౌకర్యం బాగుపడడానికి న్యాయంగా పెంచాలని కోరేవారికీ దారి ఒకటే.

బిల్లులో ఒక్కొక్క పద్దు ఎందుకోసమో తెలుసుకోండి

మహారాష్ట్ర గ్రామపంచాయత్ చట్టం 1958 నాటిది. అందులోని 124వ సెక్షన్ గ్రామపంచాయతీ వేయగల పన్నులను, ఫీజులను వరుసగా చెబుతుంది. వాటిని ఎలా వేయాలో, ఎలా వసూలు చేయాలో 1960 నాటి కరాలు, ఫీజుల నియమాలు వివరిస్తాయి. ఘర్‌పట్టి ఇంటి మీద, స్థలం మీద వేసే పన్ను; దాని రాబడి పంచాయతీ సాధారణ ఖర్చులకు పోతుంది. మిగిలినవి ఒక్కొక్క సౌకర్యానికి కట్టిన పద్దులు. దివాబత్తి వీధి దీపాలకు, సఫాయి లేదా ఆరోగ్య కరం మురుగు, చెత్త, సామూహిక మరుగుదొడ్ల పనికి, పాణీపట్టి నీళ్ళకు. వారపు సంతలో కూర్చున్నవారి దగ్గర తీసుకొనే రుసుము కూడా ఈ జాబితాలోదే.

పాణీపట్టి దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే మన పల్లెల్లో ఎక్కువ అన్యాయం ఇక్కడే, అదీ చాలాసార్లు ఎవరి దురుద్దేశమూ లేకుండానే జరుగుతోంది. చట్టం నీటి పన్నును రెండు రకాలుగా చూస్తుంది. మొదటిది సామాన్య పాణీపట్టి: ఊళ్ళో పంచాయతీ నీటి ఏర్పాటు ఉన్నందుకు, వీధి నల్లా నుంచో చేతిపంపు నుంచో నీళ్ళు తెచ్చుకొనే ఇళ్ళకు కూడా వర్తించేది. రెండవది విశేష పాణీపట్టి: గొట్టం ద్వారా ఇంటికే నీళ్ళు ఇచ్చినందుకు తీసుకొనేది. ఈ రెండవదాన్ని పరిస్థితిని బట్టి ఏ రూపంలోనైనా, అంటే నల్లాకు ఇంత అనో, వాడకాన్ని బట్టి ఇంత అనో నిర్ణయించే వెసులుబాటు పంచాయతీకి ఉంది. నల్లా లేని ఇంటి మీద విశేష పాణీపట్టి వేయడం ఈ విభజన అర్థానికే విరుద్ధం.

మా వీధి చివరి ఇంట్లో ఒంటరిగా ఉండే ఒక అవ్వకు మూడేళ్ళ పాటు విశేష పాణీపట్టి బిల్లు వచ్చింది. ఆమె వాకిట్లో నల్లా గొట్టం పైకి తేలి ఉండేది కానీ దాన్ని ఊరి ప్రధాన గొట్టంతో కలపడమే జరగలేదు. పని పూర్తయినట్లు కాగితంలో ఎక్కింది కనుక పన్ను కూడా ఎక్కింది. ఆమె ఏటా అడుగుతూనే ఉంది, నోటితో. నాలుగో ఏడు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, ఇద్దరు పొరుగువారి సంతకాలతో గొట్టం ఫొటో జతచేసి, పోచ్ (అర్జీ అందినట్టు రసీదు) తీసుకున్న తర్వాతే ఆ పద్దు తొలగింది. ఆమె అప్పటికే కట్టిన డబ్బు తిరిగి రాలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆమెకు మరాఠీ రాయడం వచ్చి ఉంటే మొదటి ఏడాదే ఆగిపోయేది.

అందుకే మొదటి పని ఏమిటంటే మీ ఇబ్బంది ఈ కింది రెండింటిలో ఏదో తేల్చుకోవడం. మీ ఒక్క ఇంటి పేరున తప్పు పద్దు పడితే అది నమోదు దిద్దుబాటు. ఒక అర్జీతో, కొన్ని వారాలలో తేలవచ్చు. ఊరందరికీ రేటే ఎక్కువైతే అది ఠరావు మార్పు. దానికి పదిమంది, ఒక లెక్క, కొన్ని నెలల ఓపిక కావాలి. ఈ రెండింటినీ ఒకే అర్జీలో కలిపితే పంచాయతీ సులభమైన దానికి జవాబిచ్చి కష్టమైనదాన్ని వదిలేస్తుంది.

ముందు కాగితాలు చేతికి తెచ్చుకోండి

నమూనా 8 అంటే కర ఆకారణి రిజిస్టరు. మీ ఇల్లు ఏ రకం, ఎంత విస్తీర్ణం, దాని మీద ఏయే పన్నులు ఎంతెంత అని అందులో ఉంటుంది. నమూనా 9 డిమాండు రిజిస్టరు. ఈ ఏడాది పన్ను, పాత థక్‌బాకీ (బకాయి), వసూలైనది అందులో కనిపిస్తాయి. నమూనా 10 మీరు డబ్బు కట్టినప్పుడు ఇచ్చే పావతి. నమూనా 8 నకలు అడిగితే ఇవ్వవలసిన సేవే కనుక మొహమాటపడనక్కరలేదు. దాంతో పాటు ప్రస్తుత రేటును నిర్ణయించిన ఠరావు నకలు, ఆ ఠరావుకు ముందు అంటించిన నోటీసు నకలు, గడచిన రెండు మూడు సంవత్సరాలలో నీటి సరఫరాకు అయిన ఖర్చు, పంపు కరెంటు బిల్లులు సంపాదించండి.

మంచిగా అడిగితే గ్రామసేవక్ (పంచాయతీ కార్యదర్శి) గారు చాలాసార్లు చూపిస్తారు. 2024 నుంచి ఆ పదవిని గ్రామపంచాయత్ అధికారి అంటున్నారు గానీ ఊళ్ళో పాత పేరే నడుస్తోంది. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేయండి. మహారాష్ట్రలో దానికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించాలి, ఒక దరఖాస్తులో ఒకే విషయం ఉండాలి, అది 150 మాటలకు మించకూడదు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఫీజు లేదు. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోతే మొదటి అప్పీలు ఉంటుంది. కాబట్టి పన్ను విషయం చర్చకు వచ్చే కాలానికి రెండు నెలల ముందే, అంటే దీపావళి దాటగానే ఈ పని మొదలుపెట్టడం మేలు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది కనుక కొత్త రేట్ల మాట సాధారణంగా చలికాలంలోనే లేస్తుంది.

భాష గురించి ఒక మాట. పంచాయతీ వ్యవహారం మరాఠీలో నడుస్తుంది, రికార్డు మరాఠీలో ఉంటుంది. తెలుగులో రాసిన అర్జీని తీసుకోనందుకు కోపగించుకొని వెనక్కి వచ్చినవారిని చూశాను. ఆ కోపం న్యాయమైనదే అయినా గడువు మాత్రం ఆగదు. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతున్నారు. తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి చేత రాయించండి, ముందు తెలుగులో చిత్తు తయారు చేసుకొని, మరాఠీ ప్రతిని సంతకం పెట్టే ప్రతి ఒక్కరికీ తెలుగులో చదివి వినిపించండి. ఏం రాసి ఉందో తెలియని కాగితం మీద వేలిముద్ర వేయించకూడదు. అది మన మంచికే అయినా సరే.

రేటు న్యాయమో కాదో లెక్క కట్టండి

ఈ పని ఎవరూ చేయరు, మొత్తం ప్రయత్నానికి ప్రాణం మాత్రం ఇదే. ఉదాహరణకు ఒక ఊళ్ళో 240 నల్లాలు ఉన్నాయనుకోండి. పంపు కరెంటుకు నెలకు 14,000 రూపాయలు, నీళ్ళు వదిలే మనిషికి 7,000, నీళ్ళలో కలిపే టీసీఎల్ (బ్లీచింగ్) పౌడరుకూ చిన్న మరమ్మతులకూ 3,000 అయితే మొత్తం నెలకు 24,000, ఏడాదికి 2,88,000 రూపాయలు. నల్లాకు పంచితే ఏడాదికి 1,200. అంటే ఈ ఊళ్ళో 1,200 రూపాయల విశేష పాణీపట్టి ఖర్చుకు సరిపోయే రేటు.

ఇప్పుడు పంచాయతీ 1,800 ప్రతిపాదించింది అనుకుందాం. పైకి చూస్తే అన్యాయంగా 600 ఎక్కువ. కానీ నమూనా 9 తెరిచి చూస్తే 240 మందిలో 160 మందే కడుతున్నారని తేలవచ్చు. 2,88,000ను 160తో భాగిస్తే సరిగ్గా 1,800 వస్తుంది. కట్టని 80 ఇళ్ళ భారం కట్టేవారి మీద పడుతోందన్నమాట. ఇలాంటప్పుడు "రేటు తగ్గించండి" అని మాత్రమే రాస్తే అర్జీ వీగిపోతుంది, ఎందుకంటే పంచాయతీ కరెంటు బిల్లు చూపిస్తుంది. "థక్‌బాకీ వసూలు చేయండి, ఆ మేరకు రేటు 1,200 దగ్గరే ఉంచండి" అని రాస్తే దానికి జవాబు చెప్పవలసి వస్తుంది. బకాయిల వసూలుకు చట్టంలో 129వ సెక్షన్ ఉంది. బిల్లు, ఆ తర్వాత డిమాండు నోటీసు, అప్పటికీ కట్టకపోతే జప్తు దాకా పోయే అధికారం పంచాయతీకి ఉంది. ఊళ్ళో పెద్ద ఇళ్ళే బాకీ ఉన్నచోట ఈ మాట అడగడానికి ధైర్యం కావాలి. పదిమంది సంతకాలు పెట్టడం వల్ల ఆ భారం ఒక్కరి మీద పడకుండా ఉంటుంది.

లెక్కలో ఇంకొకటి చూడండి. పెద్ద మరమ్మతుల ఖర్చును పాణీపట్టి మీద వేశారా? 15వ ఆర్థిక సంఘం పంచాయతీలకు 2021 నుంచి 2026 వరకు సిఫారసు చేసిన నిధిలో 60 శాతం ప్రత్యేక పనులకు కట్టి ఉంచినది, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. ఇంటింటికీ నల్లా నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించినది. మనిషికి రోజుకు 55 లీటర్లు దాని లక్ష్యం. ఊరి లోపలి పనుల ఖర్చులో ఊరి వాటా సాధారణంగా 10 శాతం. అటవీ, కొండ ప్రాంతాలలో, ఎస్సీ ఎస్టీ జనాభా సగానికి మించిన ఊళ్ళలో 5 శాతం. ఆ వాటాను ఒకసారి కట్టిన తర్వాత అదే పనికి పాణీపట్టిలో మళ్ళీ కలపకూడదు కదా అని అడగండి. షెడ్యూల్డ్ ప్రాంతంలోని పంచాయతీలైతే గిరిజన ఉపప్రణాళిక నిధిలో 5 శాతం నేరుగా వాటికే రావాలన్న ఏర్పాటు 2015 నుంచి ఉంది. గడ్చిరోలి వైపు పల్లెలవారు ఈ నిధి నుంచి తాగునీటికి ఏమైనా పెట్టారా అని అడిగి తెలుసుకోవాలి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే. ఉచితంగా ఇమ్మని కోరకండి. పంచాయతీ రాబడి అవసరానికి తక్కువగా ఉందనిపిస్తే పన్ను పెంచమని చెప్పే అధికారం తాలూకా స్థాయిలోని పంచాయత్ సమితికి ఉంది. ప్రభుత్వం పెట్టిన కనిష్ఠ రేటు కంటే దిగడానికి పంచాయతీకి వీలుండదు. పైగా కరెంటు బాకీ పడి పంపు ఆగితే అందరికంటే ముందు నష్టపోయేది సొంత బోరు లేని ఇల్లే.

ఠరావు దారిలో ఎక్కడ నిలబడాలి

పన్ను నిర్ణయించేది సర్పంచ్ ఒక్కరు కారు, గ్రామసేవక్ అసలే కారు. పంచాయతీ సభ్యులు మాసిక సభలో ఠరావు చేస్తారు. ఏ పన్ను, ఏ రేటు అని మొదట ప్రతిపాదన ఠరావు అవుతుంది. తర్వాత దాన్ని ఊరికి తెలియజేయాలి: దవండీ, అంటే మన డప్పు చాటింపు వేయించి, పంచాయతీ సూచనా ఫలకం మీద నోటీసు అంటించి, కనీసం 30 రోజుల తర్వాతి ఒక తేదీ చెప్పి, ఆ తేదీన ప్రతిపాదనను పరిశీలిస్తామని ప్రకటించాలి. ఈలోపు ఊళ్ళో నివసించే ఎవరైనా రాతపూర్వకంగా హర్కత్ (అభ్యంతరం) ఇవ్వవచ్చు. ఆ హర్కత్‌లను సభలో పెట్టి చర్చించిన తర్వాతే తుది ఠరావు.

ఈ 30 రోజులే మీ చేతిలో ఉన్న అసలు కాలం. నోటీసు ఫలకం మీద వారం ఉండి వానకు చినిగిపోతుంది, దవండీ మన వాడ దాకా రాదు. అందుకని వాడకొకరు చొప్పున ఇద్దరు ముగ్గురు మనుషులు డిసెంబరు నుంచి మార్చి వరకు ప్రతి సోమవారం ఫలకం చూసి, కొత్త నోటీసు కనిపిస్తే ఫోనులో ఫొటో తీసి ఉంచాలి. ఆ ఫొటో మీద ఉండే తేదీ తర్వాత అప్పీలులో పనికొస్తుంది. నోటీసు లేకుండానే రేటు పెంచితే అదే మీ మొదటి అభ్యంతరం అవుతుంది.

హర్కత్ పొడుగ్గా ఉండనక్కరలేదు. సర్పంచ్ గారికి, గ్రామసేవక్ గారికి సంబోధించి, ఫలానా తేదీ నోటీసు మీద హర్కత్ అని మొదటి వాక్యంలో రాయండి. మీరు కోరేది రెండవ వాక్యంలోనే చెప్పండి: "విశేష పాణీపట్టిని నల్లాకు 1,200 దాటించవద్దు, నల్లా పనిచేయని 18 ఇళ్ళకు సామాన్య పాణీపట్టి మాత్రమే వేయండి" అన్నట్లు అంకెలతో ఉండాలి. ఆ తర్వాత పైన చెప్పిన లెక్క, ఇళ్ళ నంబర్ల జాబితా. చివర ఈ హర్కత్ మీద తీసుకున్న నిర్ణయాన్ని రాతపూర్వకంగా తెలియజేయమని ఒక వాక్యం. వేసవిలో రోజు విడిచి రోజు నీళ్ళు వస్తున్నాయన్న ఫిర్యాదు ఉంటే, నీళ్ళు వచ్చిన తేదీలు ఒక నోటు పుస్తకంలో రాసి రెండు నెలల పేజీలు జతచేయండి. రెండు ప్రతులు తీసుకువెళ్ళి ఒకదాని మీద ముద్ర, సంతకం, తేదీతో పోచ్ తీసుకోండి. పోచ్ ఇవ్వకపోతే స్పీడ్ పోస్టులో పంపండి. పంచాయతీ ఎదురుగానే ఇల్లయినా సరే.

గ్రామసభ సంగతికి వస్తే, ఏడాదికి కనీసం నాలుగు జరగాలి. ఎక్కువ ఊళ్ళలో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 తేదీలలో పెడతారు. ఓటర్లలో 15 శాతం లేదా 100 మంది, వీటిలో ఏది తక్కువైతే అంతమంది హాజరైతేనే కోరం. కోరం లేక సభ తహకూబ్ (వాయిదా) అయితే, తర్వాత పదిమందితో జరిగే సభలో మన మాట వినేవారే ఉండరు. కనుక జనవరి 26 సభకు మనుషుల్ని తీసుకురావడం ముఖ్యం. గ్రామసభకు ముందు జరగవలసిన మహిళా సభను మనవాళ్ళు లెక్కచేయరు. నీళ్ళు మోసేది ఆడవాళ్ళు కనుక పాణీపట్టి మీద అందరికంటే గట్టిగా, వివరంగా మాట్లాడగలిగింది వారే. అక్కడ అయిన ఠరావు గ్రామసభ ముందుకు వస్తే దాన్ని తోసెయ్యడం కష్టం. మీ విషయం ఇతివృత్తంలో, అంటే సభ మినిట్స్ పుస్తకంలో, ఎక్కిందో లేదో సభ ముగియకముందే అడిగి చదివించుకోండి.

ఈ కాలమంతా మీ పన్ను బాకీ లేకుండా చూసుకోండి. నిరసనగా కట్టకపోవడం ఈ పోరాటానికి మేలు చేయదు. పైగా బిల్లు అందిన మూడు నెలలలో కట్టకపోతే పంచాయతీ సభ్యత్వానికి అనర్హత వస్తుందని 14వ సెక్షన్ చెబుతోంది. రేపు మీ వాడ నుంచి నిలబడవలసిన మనిషి ఈ కారణంగా పోటీకి దూరమైతే నష్టం వాడ మొత్తానిది. అభ్యంతరం ఉందని రాసి ఇచ్చి, డబ్బు కట్టి, పావతి దాచుకోండి.

పంచాయతీ వినకపోతే

124వ సెక్షన్‌లోనే అప్పీలు ఉంది. పన్ను వేయడం మీద గానీ, మీకు లెక్కకట్టిన మొత్తం మీద గానీ అభ్యంతరం ఉంటే పంచాయత్ సమితికి అప్పీలు చేయవచ్చు. సమితి నిర్ణయం నచ్చకపోతే జిల్లా పరిషత్ స్థాయీ సమితికి మరో అప్పీలు. బిల్లు చేతికి రాగానే, వారం రోజులలో వేసేయండి. హర్కత్ పోచ్, నోటీసు ఫొటో, ఠరావు నకలు, నమూనా 8, పావతి, లెక్క కాగితం జతచేసి గటవికాస్ అధికారి (బీడీఓ) కార్యాలయంలో ఇవ్వాలి. ఎన్నికైన సభ్యులు లేక ప్రశాసకుడి (ప్రభుత్వం నియమించిన అధికారి) పాలన నడుస్తున్న కాలంలో కూడా అర్జీ అక్కడే ఇవ్వండి. విచారణ రోజున తెలుగు మాత్రమే వచ్చిన పెద్దవారిని కూడా వెంట తీసుకువెళ్ళండి. వారు చెప్పేది మరాఠీలో చెప్పగల ఒకరు పక్కన ఉంటే చాలు.

సిరొంచ, ధర్మాబాద్, దెగ్లూరు, బిలోలి, కుండల్వాడి వంటి పట్టణాల లోపల ఉండేవారికి ఈ చట్టం వర్తించదు. నగర పరిషత్తులకు, నగర పంచాయతీలకు 1965 నాటి వేరే చట్టం ఉంది. అభ్యంతరం ముఖ్యాధికారికి ఇవ్వాలి. ఇక చంద్రపూర్ జిల్లా జివతి తాలూకాలో మహారాష్ట్ర, తెలంగాణ రెండూ తమవంటున్న 14 పల్లెలవారికి ఒక సూచన: ఏ పంచాయతీ పేరున పావతి ఉందో ఆ పంచాయతీకే అర్జీ ఇవ్వండి, రెండు పావతులనూ విడివిడిగా దాచండి.

రేటు మారిన తర్వాత ఒక పని మిగిలి ఉంటుంది. కొత్త ఠరావు నకలు తీసుకొని, ఏప్రిల్ తర్వాత వచ్చే మొదటి బిల్లుతో పోల్చి చూడండి. ఠరావులో 1,200 అని ఉండి నమూనా 9లో పాత అంకె అలాగే నిలిచిపోవడం నేను చూశాను. రాసేవారు నిరుటి పేజీ చూసి దించేస్తారు. మీ ఇల్లు చూసుకున్నాక ఆ జాబితాలోని 18 ఇళ్ళ బిల్లులు కూడా ఒక్కొక్కటిగా చూడండి. చదవడం రానివారి ఇంటికి ముందుగా వెళ్ళండి.